ముందు నానమ్మ చీర తేల్చండి

ఈ సంక్రాంతికి అందరూ ఊరికి వస్తున్నారు. అన్నయ్యావాళ్లు డాలస్ నుంచి, చెల్లెలు బెంగళూరు నుంచి, బాబాయ్ కుటుంబం హైదరాబాద్ నుంచి. ‘ఎప్పుడో పెళ్లిలో దిగిందే, మళ్లీ అందరం ఉన్న ఫొటో ఒక్కటి లేదు. ఈసారి ఫొటోగ్రాఫర్ని పిలిపిద్దాం’ అని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారు. అందరూ సై అన్నారు. ఐదు నిమిషాలు తిరక్కుండానే అసలు ప్రశ్న పడింది: ‘మరి ఏం కట్టుకుందాం?’

ఇక చూసుకోండి. ఒకరు అందరం రాయల్ బ్లూ అంటారు. ఇంకొకరు ‘ఫ్యామిలీ కాంబో’ లింకు పెడతారు. తల్లికి చీర, కూతురికి గౌను, తండ్రీకొడుకులకి చొక్కాలు, అన్నీ ఒకే తానులోంచి కోసినవి. బావగారు ‘నాకేదైనా ఒకటే’ అంటారు. ఈ మాట అన్న మనిషే చివరి రోజు అందరికంటే ఎక్కువ సతాయిస్తాడని మీకూ తెలుసు. ఆఖరికి ఈ భారమంతా ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. ఈ అధ్యాయం తెరిచారంటే అది మీరే అయ్యుంటారు.

కంగారు పడకండి. దీనికి పెద్ద ఖర్చేం అక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిస్తే చాలు. కావలసిన బట్టలు చాలావరకు మీ బీరువాల్లోనే ఉన్నాయి.

రంగుతో కాదు, మనిషితో మొదలు

దాదాపు అందరూ చేసే పొరపాటు రంగుతో మొదలుపెట్టడం. ‘అందరం మెరూన్’ అని గ్రూపులో రాయడం తేలికే. ఏ మెరూన్? పట్టులో ఒకలా ఉంటుంది, కాటన్‌లో ఒకలా, జార్జెట్‌లో ఇంకోలా. డాలస్‌లో కొన్న చొక్కా ఇటుక రంగులోకి దిగుతుంది, ఇక్కడ కుట్టించిన పరికిణీ నేరేడు రంగులోకి పోతుంది. పక్కపక్కన నిలబెడితే కలపాలని చూసి కలపలేకపోయినట్టు కనిపిస్తుంది. అసలు వేరే రంగు వేసుకున్నా ఇంత ఎబ్బెట్టుగా ఉండదు. పోనీ రంగు అచ్చుగుద్దినట్టు కుదిరిందే అనుకుందాం. అప్పుడింకో తంటా. గోడ మీద ఫొటో చూసినవాళ్లకి ముందు మెరూన్ గుంపు కనబడుతుంది, మనుషులు తర్వాత. మీరు ఫొటో తీయించుకునేది రంగు కోసమా, మనుషుల కోసమా?

1. ఇంట్లో ఎవరికి ఎంపిక తక్కువో, ముందు వాళ్ల బట్టలు తేల్చండి. నానమ్మ బరువైన పట్టుచీర మోయలేదు. తాతయ్య తెల్ల పంచె, తెల్ల లాల్చీ తప్ప ఇంకోటి ఒప్పుకోడు. చిన్నకోడలికి ఏడో నెల. కూతురు చంటిపిల్లకి పాలివ్వాలి, కాబట్టి ఆమె బట్ట దానికి వీలుగా ఉండాలి. వీళ్ల బట్టలు మీరు మార్చలేరు, మార్చకూడదు కూడా. మిగతావాళ్లు సర్దుకోగలరు. మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. కుర్రకారు రంగు ఖాయం చేసేస్తారు, ఆ రంగులోకి పెద్దవాళ్లని లాక్కొస్తారు.

అందుకే ముందు నానమ్మ దగ్గర కూర్చోండి. ‘ఏ చీర కడతావు?’ అని అడిగితే ‘ఏదో ఒకటిలేవే’ అంటుంది. అలా అడక్కండి. బీరువా తెరిపించి ‘వీటిలో నీకు ఒంటి మీద హాయిగా ఉండేది ఏది?’ అని అడగండి. చెయ్యి తనంతట తానే ఒక చీర మీదికి పోతుంది.

అది వెంకటగిరి కాటన్ అనుకుందాం. మీగడ రంగు, మెరూన్ అంచు, సన్నటి జరీ, ఒంట్లో అక్కడక్కడా ఆకుపచ్చ బుటాలు. మీ పని సగం అయిపోయినట్టే. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో ఆ నేసినవాళ్లు ఎప్పుడో తేల్చిపెట్టారు. మీరు దాన్ని మనుషులకి పంచాలి, అంతే.

2. చీరలోంచి రంగులు ఏరుకోండి, కానీ ఆ చీర మొత్తాన్ని ఇంకెవరికీ ఇవ్వకండి. పై ఉదాహరణలో పెద్దకోడలు దానిమ్మ రంగు కట్టొచ్చు. చిన్నకోడలికి ముదురు ఆకుపచ్చ. కూతురికి గంధం రంగు కుర్తా, దాని మీద మెరూన్ చున్నీ. పెద్దకొడుకుకి లేత బూడిద, అల్లుడికి తేనె రంగు. పిల్లల్లో ఒకరికి ఆకుపచ్చ, ఒకరికి మామిడిపండు రంగు. బయటి రంగు ఒకటి రానివ్వండి, ఫొటోకి ప్రాణం వస్తుంది. నెమలికంఠం రంగు మనవరాలి పరికిణీలో ఒకచోట, దూరంగా ఇంకెవరి జాకెట్టులోనో ఇంకోచోట కనబడితే అది పొరపాటున వచ్చిన రంగులా అనిపించదు.

అప్పుడు ఎవరూ ఒకే రంగులో ఉండరు, కానీ ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతుంది.

3. అడగాల్సిన మాట గ్రూపులో అడక్కండి. భర్త పోయిన పెద్దత్త ఉన్నారనుకోండి. ‘అత్తా, నువ్వు రెడ్ కట్టుకో’ అని ఇరవై మంది చూసేచోట రాస్తే ఆవిడ ఏం జవాబిస్తుంది? ఆవిడకి కట్టుకోవాలని ఉన్నా ఇబ్బందే, లేకపోయినా ఇబ్బందే. ఫోన్ చేసి విడిగా మాట్లాడండి. లేతరంగే అంటే దానికి తగ్గట్టు ఆవిడ పక్కన ఇంకో లేతరంగు మనిషిని నిలబెట్టండి, ఒంటరిగా తెల్లబోయినట్టు ఉండదు. రంగు చీర కడతానంటే సంతోషం, ఆ మాట మీద మళ్లీ చర్చ పెట్టకండి. ఇటీవల ఒళ్లు చేసినవాళ్లకి, జబ్బుపడి చిక్కినవాళ్లకి, చేతిలో డబ్బాడని తమ్ముడికి కూడా ఇదే మర్యాద. ‘అందరూ తలా మూడువేలు పెట్టి కొనుక్కోండి’ అన్న మాట ఒక ఇంటికి తేలిక, ఇంకో ఇంటికి బరువు.

కెమెరా కంటికి ఏం కనబడుతుంది?

అనుకున్న బట్టలన్నీ ఒకసారి మంచం మీద పరిచి, ఫొటో తీసి చూడాలి. దూరంగా ఉన్నవాళ్లని వాళ్ల బట్టలు కిటికీ పక్క వెలుతుర్లో ఫొటో తీసి పంపమనండి. ట్యూబ్‌లైటు కింద వద్దు. కొట్లో చీర నచ్చాక మన పెద్దవాళ్లు ఏం చేస్తారు? ‘ఒకసారి బయట వెలుతుర్లో చూపించు బాబూ’ అని గుమ్మం దాకా పట్టుకెళతారు. ఆ తెలివే ఇక్కడా కావాలి. లోపలి లైట్లలో వంకాయ రంగు నీలంలా, ఆకుపచ్చ నలుపులా కనబడడం మామూలే.

4. ఇప్పుడు ఆ ఫొటోని ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ చేయండి. దీనికి మించిన చిట్కా ఇంకోటి లేదనుకుంటాను, పైసా ఖర్చు లేదు. రంగు తీసేశాక బట్టలన్నీ ఒకే బూడిదలా ముద్దకట్టాయా? అయితే ఫొటోలో కూడా ఒకరి భుజం ఎక్కడ ముగిసిందో, ఇంకొకరిది ఎక్కడ మొదలైందో తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మన కంటికి ఎంత వేరైనా, మూడూ ఒకే ముదురులో ఉంటే పక్కపక్కన అతుక్కుపోతాయి. లేత, మధ్యస్థం, ముదురు మూడూ కలగలిసి ఉండేలా ఒకటి రెండు బట్టలు మార్చండి.

పాత ఫొటోగ్రాఫర్లకి ఈ తూకం తప్పనిసరిగా తెలిసుండాలి, వాళ్లకి రంగే లేదు కాబట్టి. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టించారు. ఆ రోజుల ప్లేట్ల మీద ఎర్రచీర దాదాపు నల్లగా పడేది, నీలం వెలిసిపోయి తెల్లబారేది. వీలైతే ఆ కాలపు కుటుంబ చిత్రాలు చూడండి. మనుషులు ఒకరి నుంచి ఒకరు విడివిడిగా నిలిచేది ఆ లేత, ముదురుల తేడాతోనే.

5. తెలుపు ఒకరిద్దరికి చాలు. అందరూ తెలుపు వేసుకుని బీచ్‌లో నిలబడే ఫొటోలు చూసి ముచ్చటపడేవాళ్లు చాలామంది. తెలుపు కుదరడం కష్టం. కెమెరా ఫ్రేములో ఉన్న వెలుతురంతా సగటు చేసుకుని లెక్క కడుతుంది. తెలుపు ఎక్కువైతే వెలుతురు ఎక్కువుందనుకుని తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ముఖాల కోసం పెంచితే బట్టలు సున్నం కొట్టినట్టు తేలిపోయి, మడతా అంచూ ఏదీ కనబడదు. అనుభవం ఉన్న ఫొటోగ్రాఫర్ దీన్ని సరిచేసుకుంటాడు, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరైనా చేయగలిగింది తక్కువే. తాతయ్య తెల్ల పంచె గురించి బెంగ వద్దు. ఆయన్ని నీడలో కూర్చోబెట్టి, భుజం మీద రంగు అంచున్న కండువా వేయండి. అటు పక్కా ఇటు పక్కా మధ్యస్థం రంగులు ఉంచండి. ఫొటోలో అందరికంటే ముందు ఆయనే కనబడతారు, పోనిద్దురూ, కనబడాల్సిందే.

6. గదిలోకి రాగానే కళ్లలో పొడిచే రంగులు వద్దు. నియాన్ పసుపు, మెరిసే చిలకపచ్చ, రాణీ రంగు లాంటివి పక్కవాళ్ల చెంప మీద కూడా పడతాయి. ఎండలో చిలకపచ్చ చొక్కా వేసుకున్నవాడి గడ్డం కింద చూడండి, పచ్చటి చాయ తెలుస్తుంది. కెమెరాకి అది ఇంకా బాగా తెలుస్తుంది.

ఇక్కడే ఒక మాట. ‘నువ్వు కాస్త చామనఛాయ కదా, లేతరంగు వేసుకో’ అని ఆడపిల్లలకి సలహాలిచ్చే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. దయచేసి ఈసారి ఆ సలహాని గుమ్మం బయటే ఆపండి. ముదురు చాయ ఒంటి మీద ఆవపిండి పసుపు, దానిమ్మ ఎరుపు, నెమలికంఠం, ముదురు ఆకుపచ్చ ఎంత నిండుగా ఉంటాయో ఒకసారి కట్టించి చూడండి. పాలిపోయిన ఉల్లిపొర రంగు, బేబీ పింక్ లాంటివే ఆ చాయని చప్పగా చేస్తాయి. ఎవరి ముఖాన్నీ తెల్లగా చేయొద్దని ఫొటోగ్రాఫర్‌కి కూడా ముందే చెప్పి ఉంచండి. ఎడిటింగ్‌లో అందరికీ ఒకే రకం పౌడరు పూసే అలవాటు కొందరికి ఇంకా పోలేదు.

గళ్లు, చారలు, అక్షరాలు

7. దగ్గరదగ్గరగా ఉన్న సన్న గళ్లు, సన్న చారలు కెమెరాకి పడవు. సెన్సర్‌లో ఉన్న చుక్కల వరసకీ బట్టలోని గీతల వరసకీ పోటీ పడి, చొక్కా మీద లేని అలలు, ఇంద్రధనుస్సు మరకలు పుట్టుకొస్తాయి. టీవీలో ఎవరి చొక్కా మీదైనా గీతలు జిగేల్‌మని కదలడం మీరు చూసే ఉంటారు. అదే ఇది. ఆఫీసుకి వేసుకునే సన్న గీతల చొక్కాలకి ఈ గొడవ ఎక్కువ. నారాయణపేట చీరలో గళ్లు మరీ చిన్నవైతే ముందు ఫోన్‌తో నాలుగైదు దూరాల నుంచి తీసి చూసుకోండి. పెద్ద గళ్లకి, పెద్ద డిజైన్లకి ఈ బాధ లేదు.

పెద్ద డిజైన్లు కూడా ఎంతమందికి? నా లెక్కలో ఐదారుగురిలో ఒకరికి. పోచంపల్లి ఇక్కత్ ఒకరు కట్టారంటే, ఆమెకి అటూ ఇటూ మంగళగిరి లాంటి సాదా ఒంటి చీరలు ఉండాలి. ఒళ్లంతా ఒకే రంగు, అంచు మాత్రం నిండుగా ఉండే మంగళగిరి, గద్వాల చీరలు గ్రూప్ ఫొటోకే నేశారా అనిపిస్తుంది. కలంకారి పక్కన ఇక్కత్, ఇక్కత్ పక్కన పూల షిఫాన్ నిలబెడితే ముగ్గురు వక్తలు ఒకే మైకులో మాట్లాడినట్టుంటుంది.

8. అక్షరాలున్న బట్ట వద్దేవద్దు. ఫొటోలో అక్షరం కనబడితే కన్ను ముందు దాన్ని చదువుతుంది, తర్వాతే ముఖం చూస్తుంది. బొమ్మలదీ అదే సంగతి, మనవడి టీషర్టు మీద స్పైడర్‌మ్యాన్ ఉంటే నానమ్మని ఎవరూ చూడరు. వాడు మొండికేస్తే ఒప్పందం చేసుకోండి: అందరితో దిగేటప్పుడు కుర్తా, తర్వాత వాడికి విడిగా ఆ టీషర్టుతో రెండు ఫొటోలు. పిల్లలతో బేరం బెదిరింపు కంటే చవక.

9. జరీ ఎంతుందో కాదు, లైటు ఎటు నుంచి పడుతుందో చూడండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే నిండు జరీ పట్టుచీర అద్దంలా తిరగ్గొడుతుంది, అంచు తెల్లటి పట్టీలా మిగులుతుంది. పక్క నుంచి వచ్చే మెత్తటి వెలుతుర్లో అదే జరీ బంగారంలా ఉంటుంది. మీది ఇంట్లో ఫ్లాష్‌తో తీసే ఫొటో అయితే సీక్వెన్సులు, శాటిన్, తళతళలాడే టిష్యూ చీరలు పక్కన పెట్టండి. వసారాలో పగటి వెలుతుర్లో అయితే పట్టు కట్టండి, నిశ్చింతగా.

ఎక్కడ, ఏ వేళ?

10. బట్టలు కొనకముందే ఫొటో దిగే చోటు ఖాయం చేయండి. ఇది చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ పచ్చటి గోడ ముందు పచ్చచీర, ఇసుక రంగు కోట గోడ ముందు గంధం రంగు కుర్తా మాయమైపోతాయి. హైదరాబాద్‌లో ఏడు గుంబజ్‌ల దగ్గర రాతిరంగు ముందు ముదురు ఆకుపచ్చ, మెరూన్, నీలం తేలుతాయి. కొబ్బరితోటలో అయితే పసుపు, కనకాంబరం, తెలుపు. విశాఖ బీచ్‌లో గాలి సంగతి మరచిపోకండి, తేలికపాటి షిఫాన్ పైట మీ మాట వినదు.

పొలంలో దిగుదామనుకునేవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. మీ మనసులో ఉన్నది పచ్చటి వరిచేను. సంక్రాంతికి మీ పొలం ఎలా ఉంటుందో ఊళ్లో ఉన్నవాళ్లని అడిగారా? కోతలైపోయి ఎండుగడ్డి రంగులో ఉండొచ్చు, దమ్ము చేసి బురదగా ఉండొచ్చు. ఒక ఫొటో పంపమంటే పోయేదేముంది? ఎండుగడ్డి ముందు మామిడిపండు రంగు కలిసిపోతుంది, నెమలికంఠం నిలుస్తుంది.

వేళ కూడా బట్టలో భాగమే. జనవరిలో సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ పసుపు తిరుగుతుంది, ఎర్రటి, పసుపు బట్టలు ఇంకా వెచ్చగా కనిపిస్తాయి, తెలుపు మీగడలా మారుతుంది. రోజు విషయానికొస్తే, భోగి నాడు అందరికీ నిద్ర చాలదు, పండగ నాడు వంటింట్లో ఎవరికీ తీరదు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు అందరూ ఇంట్లోనే దొరుకుతారు. మధ్యాహ్నం మాంసం భోజనం తర్వాత మగవాళ్లని లేపడం ఒక్కటే కష్టం.

ఎవరిది ఎంత కనబడుతుంది?

11. ఎవరెక్కడ ఉంటారో ఒక కాగితం మీద గీసుకుని, ఆ తర్వాతే ఖర్చు పెట్టండి. వెనక వరసలో నిలబడేవాళ్లకి ఛాతీ పైభాగమే కనబడుతుంది. అక్కడ నిలబడే మరదలు పదిహేను వేల లెహంగా వేసుకున్నా, పాత లుంగీ కట్టుకున్నా ఫొటోకి ఒకటే. ఆమెకి కావలసింది మంచి మెడ ఉన్న జాకెట్టు, చక్కగా కుదిరిన పైట. కుర్చీల్లో కూర్చునేవాళ్లకి సంగతి వేరు. మోకాళ్ల మీద అంచు, కింద కుచ్చిళ్లు, పాదాలు అన్నీ పడతాయి. పెద్ద అంచు చీరలకి చోటు అక్కడ.

కూర్చున్నప్పుడు కొత్త పట్టుచీర ఏం చేస్తుందో తెలుసా? మడత విప్పని బిరుసుతో ఒళ్లో కుప్పలా ఉబ్బుతుంది. పదిసార్లు కట్టి మెత్తబడిన పాతచీర ఒంటిని అనుసరించి జారుతుంది. అందుకే ముందు వరసకి పాత పట్టు, వెనక వరసకి కొత్త పట్టు. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీరని రెండు రోజుల ముందే తీసి దండెం మీద నీడలో వేయండి. మడత గీతలు పోకపోతే పైన పల్చటి నూలు గుడ్డ పరిచి తక్కువ వేడిలో ఇస్త్రీ చేయండి. పాత జరీచీర మడతలోనే చిరిగే ప్రమాదం ఉంది, కట్టుకునేటప్పుడు కాక ఇప్పుడే తెలిస్తే మంచిది.

పాదాల మాట ఎవరూ ఆలోచించరు. ఇంటి ముందు దిగేటప్పుడు సగంమంది వట్టికాళ్లతో, సగంమంది బాత్రూమ్ స్లిప్పర్లతో ఉంటారు. ఏదో ఒకటి అందరికీ ఒకేలా. నన్నడిగితే మన ఇళ్లలో వట్టికాళ్లే అందం. డాలస్ పిల్లలు సాక్సులు విప్పాలి, అంతే.

పిల్లలు

12. పిల్లల బట్టకి పరీక్ష అద్దం ముందు కాదు, నేల మీద. పట్టు పరికిణీ కట్టించి పావుగంట ఆడుకోనివ్వండి. మెడ దగ్గర, చంకల్లో జరీ గుచ్చుకుంటుంటే గోక్కోవడం మొదలెడుతుంది. ఆ పరికిణీతో మీకు నవ్వుముఖం రాదు. లోపల నూలు లైనింగు వేయించండి, బొందు బదులు ఎలాస్టిక్ పెట్టించండి, పొడుగు చీలమండ పైకి ఉంచండి, లేదంటే తొక్కుకుని పడుతుంది. చంటివాడికి పంచె కట్టించాలని సరదాగా ఉంటే వెల్‌క్రో పంచెలు దొరుకుతున్నాయి. కింద డైపరు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి.

ఏ పిల్లకైనా ఫొటో బట్టలు ఆఖరి నిమిషంలో తొడగాలి. అంతకుముందు కడుపునిండా పెట్టండి, కుదిరితే కాసేపు పడుకోబెట్టండి. అరిసెలు, జంతికలు ఫొటో అయ్యాక. బెల్లం పాకం అంటిన వేళ్లు ముందుగా ఎవరి పట్టుచీర మీద వాలుతాయో మీకు చెప్పక్కర్లేదు.

మగవాళ్లు

13. వీళ్లకి మూడు మాటలు చాలు. చొక్కా జేబులో ఫోనూ పెన్నూ వద్దు. పల్చటి చొక్కా లోపల బనీను గీత కనబడుతుంది, అద్దంలో చూసుకోండి. పంచె కట్టడం అలవాటు లేనివాళ్లు ఆ రోజు మొదటిసారి ప్రయత్నించకండి, ముందురోజే కట్టుకుని కూర్చుని లేచి చూసుకోండి, లేదా కుర్తా పైజమాతో సరిపెట్టుకోండి. కొత్త చొక్కా అట్టపెట్టెలోంచి తీసి అలాగే తొడిగితే ఛాతీ మీద గళ్లనుడికట్టు గీతలు పడతాయి, ఇస్త్రీ తప్పదు. ఎండకి నల్లబడే కళ్లజోళ్లున్నవాళ్లు నీడలో ఉండాలి, లేదంటే అందరిలోకీ ఒక్కరే విలన్‌లా పడతారు. మూడనుకుంటే ఐదయ్యాయి, మగవాళ్ల సంగతి ఇలాగే ఉంటుంది.

గడువులు

14. వెనకనుంచి లెక్కపెట్టండి. పండగ ముందు టైలర్ల దగ్గర ఏం జరుగుతుందో తెలియనిదెవరికి? ‘రేపు రండమ్మా’ అన్న మాట కనుమ దాటినా వినబడుతూనే ఉంటుంది. జాకెట్లు కుట్టడం, ఫాల్, పికో అన్నీ నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో ఇచ్చేయండి. విదేశాల నుంచి వచ్చేవాళ్ల కొలతలు ఫోన్లో చెప్పించుకోవడం కంటే, వాళ్లకి సరిగ్గా పట్టే పాత జాకెట్టో కుర్తానో మీ ఇంట్లో ఉందేమో వెతికి ఆదికి ఇవ్వండి. లోపల కుట్టు విప్పుకోవడానికి బట్ట ఎక్కువ వదలమని చెప్పండి. పిల్లల కొలతలు మాత్రం చివరి నెలలో తీసినవే పనికొస్తాయి.

బట్టలన్నీ తేలాక ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి: ఎవరెవరు ఏం కడుతున్నారో పేరు పేరునా, ఎదురుగా ఫొటో. ఆ తర్వాత వచ్చే ‘ఇది మార్చుకోనా?’ ప్రశ్నలకి మీ జవాబు ఒకటే ఉండాలి: ‘చాలా బాగుంది, అదే ఉంచు.’ ఒకరు మారిస్తే నలుగురు మారుస్తారు.

15. ఆ రోజు చేతిలో ఒక చిన్న సంచి ఉండనివ్వండి. పిన్నీసులు రెండు సైజుల్లో, సూది, చొక్కాల రంగుకి దగ్గరగా రెండు దారాలు, దువ్వెన, తడి రుమాలు, బొట్టుబిళ్లలు, జిడ్డూ చెమటా అద్దుకోవడానికి మెత్తటి గుడ్డ, కత్తెర. ధర చీటీలు, లాండ్రీ నంబర్లు చూసి కత్తిరించే బాధ్యత ఇంట్లో చురుకైన పదేళ్ల పిల్లకి అప్పజెప్పండి, పోలీసులా చేస్తుంది. మంగళసూత్రం పైటకి పైనా లోపలా అన్నది, తలలో పూలు ముందుకి కనబడేలా భుజం మీదికి తేవడం, మణికట్టుకి ఉన్న జుట్టు రబ్బరుబ్యాండు తీయడం, ఇవన్నీ కెమెరా క్లిక్‌మనే ముందు ఒకసారి వరసగా చూసుకుంటూ వెళ్లండి. ఫొటోగ్రాఫర్‌కి ఇవి కనబడవు, ఆయన వెలుతురు చూసుకుంటాడు.

ఒకరు రాలేకపోతే?

ఇది ఈ రోజుల్లో చాలా ఇళ్లలో వచ్చే చిక్కే. వీసా కుదరలేదు, సెలవు దొరకలేదు, పరీక్షలున్నాయి. చిన్నకొడుకు లేకుండానే ఫొటో దిగాలి. తర్వాత అతన్ని కంప్యూటర్లో కలపొచ్చని ఎవరో అంటారు. కలపొచ్చు. కానీ బాగా కలవాలంటే బట్టలు ముందే అనుకోవాలి. అతనికి కేటాయించిన రంగు బట్ట ఇక్కణ్నుంచి పంపండి, లేదా అక్కడున్నదాన్ని మంచం మీది బట్టల ఫొటోతో సరిచూడండి. మీ ఫొటో తీసిన తర్వాతే అతన్ని తీయించుకోమనండి, ముందు కాదు. వెలుతురు ఎటు నుంచి పడింది, కెమెరా ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉంది అన్నది మీ ఫొటోగ్రాఫర్‌తో రాయించి పంపండి. ఇక్కడ వెలుతురు ఎడమ నుంచి పడితే అక్కడా ఎడమ నుంచే, నీడలో తీస్తే అక్కడా నీడలోనే. ఇక్కడ దిగేటప్పుడు అతని చోటు ఖాళీగా వదలండి, అన్నకీ వదినకీ మధ్య ఒక మనిషి పట్టేంత. ఆ ఖాళీ ఉన్న ఫొటోతో పాటు, దగ్గరగా జరిగి ఖాళీ లేకుండా ఇంకోటి కూడా తీయించుకోండి, ఏది గోడకెక్కాలో తర్వాత నానమ్మనే అడగొచ్చు.